దేవమాలికి నీళ్లెక్కడివి?

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. తెల్లారేసరికి గడ్డి మీద కనిపించేదీ మంచే, సుంకి ఘాట్‌లో బస్సు అద్దాన్ని కప్పేసేదీ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పడేదీ మంచే. ఈ ఒక్క మాట మనల్ని బాగానే తికమక పెట్టింది. లంబసింగి ఆంధ్రా కశ్మీర్ అయిపోయింది. కంధమాల్‌లోని దారింగ్‌బాడి ఒడిశా కశ్మీర్ అయిపోయింది. ఇప్పుడు దేవమాలి వంతు. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తయిన ఈ కొండను ఉత్తరాఖండ్‌లోని ఔలిలా, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లా తీర్చిదిద్దాలి, పైకి రోప్‌వే వెయ్యాలి, రిసార్టులు కట్టాలి అన్న మాట కొరాపుట్ లాడ్జీల దగ్గర్నుంచి సాలూరు టీ బడ్డీల దాకా వినిపిస్తోంది.

ఈ కోరికను మేం ఎగతాళి చెయ్యడం లేదు. పొట్టంగి, సిమిలిగుడ కుర్రాళ్లు విశాఖ హోటళ్లలో గిన్నెలు కడగడానికి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు కాపలా కాయడానికి వెళ్తున్నారు. ఆ పనేదో ఊళ్లోనే దొరికితే ఏ తల్లి కాదంటుంది? పైగా జనం రావడం ఎప్పుడో మొదలైంది. శని, ఆదివారాల్లో, సంక్రాంతి సెలవుల్లో కొండ రోడ్డు మీద ఏపీ నంబరు కార్లు వరస కడుతున్నాయి. సూర్యోదయం కోసం అర్ధరాత్రే విజయనగరంలో బయల్దేరేవాళ్లున్నారు. వచ్చేవాళ్లను ఎక్కడ ఉంచాలి, వాళ్లకు నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి అన్నదే ఇక తేలాల్సిన లెక్క.

మనం ఆదర్శమనుకుంటున్న ఊళ్ల సంగతి కూడా ఒకసారి చూడాలి. గుల్మార్గ్‌లో గొండోలా అనే రోప్‌వే మొదటి దశ 1998లో, అఫర్వత్ కొండ మీదకు వెళ్లే రెండో దశ 2005లో మొదలయ్యాయి. స్కీయింగ్ అంటే దేశంలో ముందు చెప్పుకునే చోటు అదే. అలాంటి గుల్మార్గ్‌లో 2024 జనవరిలో మంచు జాడ లేక నేల ఎండుగడ్డి రంగులో కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేకనే వాయిదా పడి మార్చిలో జరిగాయి. ఔలిలో కృత్రిమ మంచు యంత్రాలు పెట్టారు. వాటికీ నీళ్లు కావాలి, తగినంత చలీ కావాలి. ఔలికి దిగువనున్న జోషీమఠ్ కథ మరీ కష్టమైనది. పాత కొండచరియల శిథిలాల మీద కూర్చున్న ఊరది, భారీ కట్టడాలు వద్దు, వాలులో బండరాళ్లు కదపొద్దు అని ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ 1976లోనే చెప్పింది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. 2023 జనవరిలో 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. జోషీమఠ్ నుంచి ఔలికి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. అసలు మంచు పడే ఊళ్లే ఇలా తంటాలు పడుతుంటే, పొగమంచు తప్ప ఎరగని మనం వాళ్ల పాత నమూనాను అరువు తెచ్చుకుందామంటున్నాం.

దేవమాలి మీద పడేది వాన. మన కొండల నెత్తిన ఉండే బాక్సైట్, ఎర్రమట్టి పొర ఆ వానను స్పంజిలా పీల్చుకుంటుంది. నాలుగు నెలలు తాగిన నీటిని మిగతా ఏడాదంతా కొండ పక్కల నుంచి ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలే గెడ్డలు, అంటే వాగులవుతాయి. గెడ్డ వెంట గట్లు కట్టి మెట్లు మెట్లుగా వరి వేసే పొలాలను ఇక్కడ జోలా అంటారు. పరజలు, గదబలు, ఖోందులు తరాలుగా చేస్తున్న ఈ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కుందులి సంతకొచ్చే కూరగాయలు కూడా ఈ నీటి చలవే.

మొన్నటి ఏప్రిల్‌లో కొండ కింద ఒక పల్లెలో మా విలేకరి చూసిన సంగతిది. రాతి సందులో వెదురు దోనె గుచ్చారు. దాని చివర నుంచి నీళ్లు చిటికెనవేలి మందాన పడుతున్నాయి. వంతు కోసం కూర్చున్న ఒకావిడ ఒడినిండా చింతపండు పెట్టుకుని పిక్కలు తీస్తోంది. ముందున్న బిందె నిండేసరికి ఆమె ఒడి సగం ఖాళీ అయింది. ఇప్పుడు కొండ మీద యాభై గదుల రిసార్టు వచ్చిందనుకోండి. గదికి ఇద్దరు, మనిషికి రోజుకు 150 లీటర్లు వేసుకున్నా 15 వేల లీటర్లు. స్విమ్మింగ్ పూల్ సంగతి వేరే. ఆ నీళ్లు ట్యాంకర్లో వచ్చినా, బోరులో వచ్చినా, చివరికి ఆ వెదురు దోనె వాటాలోంచే రావాలి.

పైన కాంక్రీటు పోస్తే ఇంకో చిక్కు. ఇంకాల్సిన వాన ఒక్కసారిగా వాలు మీదకు దూకుతుంది. కొండను తవ్వి వేసిన దారి ఎలా ఉంటుందో కొత్తవలస–కిరండూల్ రైలు లైను దగ్గరుండి చూస్తున్న మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2023 సెప్టెంబరులో మానబార్, జరటి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగి పట్టాల మీద పడి రైళ్లు నిలిచిపోయాయి.

కొండ ఎవరిదన్న మాట కూడా దాటెయ్యలేం. పక్కనే నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2013లో పల్లెలకే వదిలింది. అడిగిన 12 పల్లెలూ తవ్వకం వద్దన్నాయి. గని తవ్వడం, హోటల్ కట్టడం ఒకటే కాదని అధికారులు అంటారు. నిజమే. కానీ పోయే నీళ్లు ఒకటే. ఇది గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న షెడ్యూల్డ్ ప్రాంతం. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. పల్లి సభ, అంటే ఊరివాళ్లంతా కూర్చునే సభ, సంతకాల పుస్తకం తెచ్చి వేలిముద్రలు వేయించుకుపోవడం అనుకునే రోజులు పోవాలి. (కొటియా పల్లెల కోసం దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్న ఆంధ్రా, ఒడిశా ప్రభుత్వాలు రెండూ అక్కడి నీటి గురించి అంత పట్టుగా ఎప్పుడు మాట్లాడాయో మాకైతే గుర్తు లేదు.)

ఇందులో మనవాళ్ల వాటా దాచిపెట్టి ప్రయోజనం లేదు. కార్తీకంలో వనభోజనాలని వెళ్లి విస్తళ్లు, బిర్యానీ పొట్లాలు, సీసాలు అక్కడే వదిలేసి వస్తున్నది మనమే. కారు డిక్కీ తెరిచి సౌండ్ బాక్సులు పెట్టేదీ మనమే. సీసా పెంకులు గుచ్చుకునేది మాత్రం తెల్లారి మేకలు తోలుకెళ్లే పిల్లల కాళ్లకు.

దేవమాలికి జనం రావాలి. అయితే బస కొండ మీద వద్దు. సిమిలిగుడ, కొరాపుట్, జయపురంలో లాడ్జీలకు, అన్నం హోటళ్లకు కొదవ లేదు. వాళ్ల వ్యాపారం పెరగనివ్వండి. సొంత కార్లు కింద ఆపించి, ఊళ్లవాళ్ల జీపుల్లో పైకి పంపండి. పల్లెల్లో ఇష్టపడ్డవాళ్లు ఇంట్లో ఒక గది ఇస్తే ఇవ్వనివ్వండి. చోడి (రాగి) అంబలి, కొరాపుట్ కాఫీ పెడితే డబ్బిచ్చి తాగే జనం ఉన్నారు. రోజుకు ఎన్ని బళ్లు అన్నది ముందే తేల్చండి. గుడారాలు వెయ్యాలంటే సీజన్‌కు వేసి, సీజన్ అయ్యాక పెకలించి తీసుకెళ్లిపోవాలి. రోప్‌వే ఒక్కటీ మేం తేల్చలేం. రోడ్డు కంటే తక్కువ కొండను తవ్వుతుందన్న వాదనలో బలముంది. కానీ పై స్టేషన్‌లో దిగిన జనానికి మరుగుదొడ్డి నీళ్లు ఏ గెడ్డవో ప్రాజెక్టు రిపోర్టులో రాసి ఉండాలి.

ఆ రిపోర్టు ఇంగ్లిష్‌లో కలెక్టరేట్ బీరువాలో ఉంటే లాభం లేదు. ఇక్కడివాళ్ల భాషలైన దేశియాలో, కువిలో పల్లి సభల్లో చదివి వినిపించాలి. టెండరు పిలవకముందే ఒక్కో గెడ్డలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో ఊరివాళ్ల ఎదుటే కొలవాలి. అదీ ఏప్రిల్, మే నెలల్లో. అధికారులు సాధారణంగా కొండెక్కేది డిసెంబరులో. అప్పుడు గెడ్డలన్నీ నిండుగానే ఉంటాయి.