మూడు స్క్రూలా, ఒక ప్లేటా?

విశాఖలో ఓ డెంటల్ కాలేజీ సెమినార్ హాలు, శనివారం మధ్యాహ్నం. ఏసీ తిరుగుతున్నా వీపు మీద చొక్కా ఆరని రోజు. పీజీ పిల్లల కోసం వాదోపవాదం పెట్టారు. బెల్లు కొట్టే పని నాది. కేసు ఊహించి ఇచ్చారు: గాజువాక అమ్మాయి, 22 ఏళ్లు, కింది దవడ లోపలికి ఉంది, 7 మిల్లీమీటర్లు ముందుకు తేవాలి. దవడను కోసి జరపడం వరకూ ఇద్దరిదీ ఒకే మాట. జరిపిన ఎముకను దేనితో పట్టించాలన్న దగ్గరే తగువు.

స్క్రూల పక్షం సారుది, తల నెరిసిన సర్జన్. ప్లేటు పక్షం మేడంది, ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నారు. బల్ల మీద రెండు ప్లాస్టిక్ పుర్రెలు. ఒకదాని దవడ సారు బిగించి తెచ్చారు, రెండోది మేడం.

సారు: ముందు ఈ అగ్గిపెట్టె చూడండి. పై తొడుగు కీలుతో పాటు వెనకే ఉండిపోతుంది. లోపలి డబ్బా పళ్ళతో సహా ముందుకు జారుతుంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం కూడా డబ్బాతోనే రావాలి. సాజిటల్ స్ప్లిట్ అంటే ఇంతే, 1950ల్లో ఓబ్‌వెగేజర్ అనే సర్జన్ చూపించిన దారి. కోయడం అప్పుడే వచ్చింది కానీ, ఈ డబ్బాను గట్టిగా పట్టించడం చాలాకాలం రాలేదు. నేను పీజీ చేసేటప్పుడు రెండు ముక్కలకీ బెజ్జం వేసి తీగతో మెలిపెట్టేవాళ్లం. తీగకి ఏం బలం? అందుకని పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి ఆరు వారాలు కట్టేసేవాళ్లం. స్ట్రాతో రాగిజావ, మజ్జిగ. మనిషి చిక్కి సగమైపోయేవాడు. పేషెంటు దిండు పక్కన ఒక వైర్ కట్టర్ పెట్టేవాళ్లం. ఎందుకో ఎవరికైనా తెలుసా?

(ఎవరూ పలకలేదు.)

సారు: రాత్రి వాంతయితే నోరు తెరుచుకోదు కదా, ఊపిరాడదు. తీగలు ఎక్కడ కత్తిరించాలో వాళ్లమ్మకి నేర్పించి ఇంటికి పంపేవాళ్లం. ఆ కట్టర్ అవసరం తప్పించింది స్క్రూలే. 1974లో స్పీస్ల్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. ఇప్పుడైతే 2 మిల్లీమీటర్ల లావు స్క్రూలు, ఒక్కో పక్కకి మూడు, త్రికోణంలో. ఎముక బయటి పొరలోంచి దిగి లోపలి పొరను కూడా పట్టుకుంటాయి. కొద్దిరోజులకే నోరు తెరవచ్చు.

మేడం: తీగల మీద స్క్రూలు గెలిచాయి సార్, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఇక్కడ తీగల తరఫున ఎవరూ రాలేదు. మీ స్క్రూ నిటారుగా దిగాలంటే చెంప మీద చిన్న గాటు పెట్టి గొట్టం దూర్చాలి. ఆడపిల్ల ముఖం. ఆ దారిలోనే ముఖాన్ని కదిలించే నరం కొమ్మలున్నాయి. ఎముక లోపలేమో మీరన్న పెదవి నరం. రెండు పొరలనీ దగ్గరికి లాగి బిగిస్తే మధ్యలో అది నలుగుతుంది.

సారు: ఏటమ్మా, అలా అనేశావు? లాగి బిగించేది లాగ్ స్క్రూ. నేను వేసేది పొజిషనల్ స్క్రూ. రెండు పొరల్లోనూ మర పడుతుంది కాబట్టి మధ్య సందు ఎంతుందో అంతే ఉంటుంది, నరం నలగదు. ఇక చెంప గాటంటావా, మెడ వంచిన డ్రిల్లు వచ్చింది. నోట్లోంచే వేస్తాను.

(ఈ లాగ్, పొజిషనల్ తేడా పరీక్షలో రాయలేక మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి. ఆ రోజే బుర్రకెక్కింది.)

మేడం: సరే, నా ప్లేటు మాట వినండి. 1970ల్లో ఫ్రాన్స్‌లో మిషెలె, షాంపీ అనే సర్జన్లు విరిగిన దవడలకి వాడిన పద్ధతి ఇది. మిల్లీమీటరు మందం టైటానియం పట్టీ, కోతకి ఇటు రెండు, అటు రెండు స్క్రూలు. స్క్రూ పొడవు 5, 6 మిల్లీమీటర్లే. బయటి పొర దాటదు కాబట్టి నరం జోలికి పోదు. రేపెప్పుడైనా చీము పట్టినా, తీయాల్సి వచ్చినా నోట్లోంచే తీస్తాం. అన్నిటికంటే ముఖ్యం, నా ప్లేటులో కాస్త ఒదిగే గుణం ఉంది. ఆపరేషన్ తర్వాత పళ్ళ కలయిక ఒక అర మిల్లీమీటరు తేడాగా ఉంటే రబ్బరు బ్యాండ్లతో సర్దుకుంటుంది. మీ మూడు స్క్రూలు తప్పుని కూడా గట్టిగానే బిగిస్తాయి సార్.

సారు: ఒదిగే గుణమా? ఇలా రా.

ఆయన మేడం పుర్రెను దగ్గరికి లాక్కుని, కింది ముందు పళ్ళ మీద బొటనవేలు పెట్టి నొక్కారు. ప్లేటు కింది అంచుకు దగ్గరగా ఉంది. దాని పైన, పళ్ళ వైపు, కోత సన్నగా నోరు తెరిచింది. వేలు తీయగానే మూసుకుంది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ తెరుచుకుంది. ముందు వరసలో పిల్లలు లేచి వంగి చూశారు.

సారు: ఇది నా వేలు. ఆ అమ్మాయికి గడ్డం కింద కండరాలుంటాయి. 7 మిల్లీమీటర్లు సాగదీసి పెట్టాం, అవి రాత్రీ పగలూ వెనక్కి లాగుతాయి. నువ్వు గుణం అంటున్నావు, నేను రిలాప్స్ అంటాను, జరిపిన దవడ మళ్ళీ వెనక్కి పోవడం.

మేడం: పెద్ద జరుపులకి నేను ఒక్క ప్లేటుతో ఆపనుగా. ప్లేటు వేసి, పళ్ళ వెనకాల ఒక్క పొడుగు స్క్రూ కూడా వేస్తాను. హైబ్రిడ్.

సారు: అదీ! నా దారికొచ్చావు.

మేడం: మీ స్క్రూయే నా దారికొచ్చింది సార్.

(నవ్వులు. పై దవడ గురించి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పై దవడను అడ్డంగా కోసి జరిపే లెఫోర్ట్ వన్ కోతలో తగిలేది సైనస్ (ముక్కు పక్కనుండే గాలి గది) గోడ, పల్చటి ఎముక, అక్కడ ప్లేట్లు తప్ప గతి లేదు. ముక్కు పక్కన ఒకటి, చెంప ఎముక దిమ్మ దగ్గర ఒకటి, రెండు వైపులా కలిపి నాలుగు. పైకి జరిపిన పై దవడ నిలుస్తుంది, కిందికి దించినది అంత నమ్మకంగా నిలవదని ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు.)

వెనక వరసలోంచి ఒక ప్రశ్న వచ్చింది: "పేషెంట్ల అమ్మానాన్నలు అడిగేది ఒక్కటే మేడం. ఆ లోహం జీవితాంతం నోట్లోనే ఉంటుందా?"

మేడం: ఇబ్బంది పెట్టనంత కాలం ఉండనిస్తాం. చీము పట్టినా, ఊడినా, చేతికి తగులుతూ బాధపెట్టినా తీస్తాం. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, ఎమ్మారై అంటే టెన్షన్ పడక్కర్లేదు. వద్దనుకునేవాళ్లకి కరిగిపోయే ప్లేట్లున్నాయి. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేస్తారు, ఒంట్లో మెల్లగా కార్బన్ డయాక్సైడ్, నీళ్ళుగా మారిపోతుంది.

సారు: ఆ మెల్లగా అన్న మాట దగ్గర ఆగు. కొన్ని రకాలకి ఏళ్లు పడుతుంది, ఈలోగా వాపొస్తే మళ్ళీ మనదే పూచీ. లోహం అంత బలం రావాలని మందంగా చేస్తారు. స్క్రూ వేసేముందు మర కూడా మనమే కోయాలి. కొంచెం ఎక్కువ తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. ధర చెప్పగానే అడిగినవాళ్లే వద్దంటారు.

మేడం దానికి జవాబు చెప్పలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సిటీ బస్ టికెట్ తీశారు, మద్దిలపాలెంలో ఎక్కినది. సారు తెచ్చిన పుర్రెను తనవైపు తిప్పుకున్నారు.

మేడం: గట్టిగానే ఉంది సార్, కాదనను. పళ్ళు కూడా చక్కగా కలిశాయి. కీలు చూద్దాం.

కుడివైపు కీలు తలకీ, పైనున్న గిన్నెకీ మధ్య టికెట్ పెట్టారు. పోలేదు. ఎడమవైపు పెట్టారు. టికెట్ జారి లోపలికి వెళ్లి అవతల అంచు కనిపించింది.

మేడం: కీలు గిన్నెలో కూర్చోకముందే బిగించేశారు. టేబుల్ మీద పళ్ళు కట్టేసి ఉన్నంతసేపూ ఇది బయటపడదు. కట్లు విప్పగానే కీలు పైకి ఎక్కుతుంది, గడ్డం వెనక్కి పోతుంది. మర్నాడు వార్డులో మీరు దాన్ని రిలాప్స్ అంటారు.

హాలు నిశ్శబ్దం. సారు కళ్ళజోడు పైకి తోసి, టికెట్ అందుకుని, మేడం పుర్రె ముందుకు జరిగారు. కుడివైపు పోలేదు. ఎడమవైపు సగం వెళ్లి ఆగింది.

మేడం: సగమే వెళ్లింది సార్.

సారు: సగమైనా వెళ్లిందిగా!

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి తన ఎడమవైపు మూడు స్క్రూలూ విప్పారు. దవడ మూల కింద చూపుడువేలు ఆనించి కీలును పైకీ కాస్త ముందుకీ నెట్టి పట్టుకున్నారు. "పట్టుకో అమ్మా" అన్నారు. మేడం తన పుర్రె వదిలేసి వచ్చి అక్కడ వేలు పెట్టారు. మొదటి స్క్రూ దిగింది. నేను బెల్లు కొట్టాను. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు. రెండో స్క్రూ తిరుగుతోంది.