చీటీ మీద ఆపే తేదీ ఏది?

రాత్రి తొమ్మిదిన్నరకు ఏ ఊళ్లోనైనా మందుల షాపు దగ్గర కాసేపు నిలబడండి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తీసుకున్నాక ఒక పెద్దావిడ మడతల దగ్గర చిరిగిపోయిన పాత చీటీ బయటికి తీస్తుంది. "ఆ చిన్న గోళీలు కూడా ఇవ్వు నాయనా, అవి లేకపోతే కన్ను మూతపడదు" అంటుంది. ఆ చీటీ రాసిన డాక్టరు ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయి ఉంటారు. రాసింది పదిహేను రోజులకే. ఆవిడ ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉంటుంది.

నిద్ర మాత్రల గురించి మన ఇళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. అది విషం, ముట్టుకోవద్దనేది ఒకటి. డాక్టరే రాశారు కదా, ఏమీ కాదనేది రెండోది. రెండూ మనుషులకు చెరుపే చేస్తున్నాయి. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని వారం రోజులుగా రెప్ప వేయని మనిషికి కొద్ది రోజులు మాత్ర ఇవ్వడంలో తప్పు లేదు. అలాంటివారిని "టెన్షన్ తగ్గించుకోండి, ధ్యానం చేయండి" అని పంపేయడం దయలేని పని. కాబట్టి మా అభ్యంతరం మాత్ర మీద కాదు. మొదలుపెట్టే రోజు రాసి, ఆపే రోజు రాయని చీటీ మీద.

ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరాజెపామ్, డయాజెపామ్ అన్నీ బెంజోడయాజెపిన్లనే ఒకే కుటుంబం మందులు. ఈ కుటుంబంలో మొదటి మందు 1960లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా వాడిన బార్బిట్యురేట్లనే పాత నిద్ర మందులు మోతాదు కాస్త మించితే ఊపిరి ఆపేసేవి. వాటి పక్కన ఇవి ఎంతో మేలనిపించాయి, ఆ పోలికలో నిజం కూడా ఉంది. అయితే 1988 నాటికే బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని చెప్పింది. కారణం మెదడు అలవాటుపడే తీరులో ఉంది. మెదడు ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఉంటుంది. ఈ మందులు దాని బలాన్ని పెంచుతాయి. వారాలు గడిచేకొద్దీ మెదడు ఆ బయటి సాయాన్ని లెక్కలో వేసుకుని తన వంతు పని తగ్గించుకుంటుంది. అప్పుడు మాత్ర మానేస్తే నిద్ర మొదటికన్నా ఘోరంగా చెడుతుంది. మనిషేమో "నా జబ్బు ఇంకా తగ్గలేదు" అనుకుని మళ్లీ మాత్ర అందుకుంటాడు. నిజానికి అప్పుడు బాధపెడుతున్నది పాత జబ్బు కాదు, మాత్ర మానడం.

ఇది తెలుగు నేలకు తెలియని సంగతి కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ వచ్చినవి ఈ ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్‌లే. 2015లో అధికారులు గట్టిగా దాడులు చేసి ఆ కల్లును అడ్డుకున్నప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చేతుల వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిగా మాట్లాడటం. ప్రాణాలు కూడా పోయాయి. తర్వాత పదేళ్లకు, 2025 జులైలో, కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ మనుషుల్ని చంపింది. కల్లు దుకాణానికి వెళ్లే కూలీని చూసి మనం జాలిపడతాం, లేదా తిడతాం. అదే మందును చీటీ మీద తెచ్చుకుని మంచం పక్కన పెట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగిని మాత్రం పేషెంటు అంటాం. మోతాదులో తేడా ఉంటుంది, నిజమే. కానీ మెదడు అలవాటుపడే పద్ధతి ఇద్దరిలోనూ ఒకటే.

ముసలివాళ్ల విషయంలో మా ఆందోళన మరింత ఎక్కువ. అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం పెద్దవాళ్లకు ఇవ్వకూడని మందుల జాబితాలో బెంజోడయాజెపిన్లను ఎన్నో ఏళ్లుగా పెడుతోంది. అర్ధరాత్రి మూత్రానికి లేచి, మత్తులో గడప తట్టుకుని పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దాయన లేని వీధి ఉందా? మర్నాడు పొద్దున కూడా మందు మగత పూర్తిగా వదలదు. మాట తడబడితే, మనవడి పేరు మర్చిపోతే, మతిమరుపు జబ్బు వచ్చిందని ఇంట్లోవాళ్లు కుంగిపోతారు. గట్టిగా గురకపెట్టేవారికి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి ఈ మాత్రలు ఇంకా ప్రమాదం. మందు కొట్టి మాత్ర వేసుకోవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. జోల్పిడెమ్ అనే మరో నిద్ర మాత్ర ఈ కుటుంబానిది కాదు కాబట్టి అలవాటు చేయదని కొందరు అంటుంటారు. అదీ నిరపాయం కాదు. ఆడవాళ్ల ఒంట్లో పొద్దుటికి కూడా అది ఎక్కువగా నిలిచి ఉంటోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో వారి మోతాదును సగానికి తగ్గించింది. దాన్ని వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడవడం, బండి నడపడం చూసి 2019లో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక కూడా పెట్టింది.

ఇంతకీ నిద్ర ఎందుకు పట్టడం లేదని అడిగేవారు ఎంతమంది? పిల్లలు అమెరికాలో ఉంటే వాళ్ల ఫోను కోసం అర్ధరాత్రి దాకా మేలుకునే తల్లిదండ్రులున్నారు. అక్కడి పగటి వేళకు తగ్గట్టు ఇక్కడ రాత్రంతా పనిచేసి, ఎండెక్కాక కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునే హైదరాబాద్ కుర్రాళ్లున్నారు. మోకాళ్ల నొప్పి, థైరాయిడ్, డిప్రెషన్, నెలసరి ఆగే వయసులో ఒంట్లో లేచే సెగలు, అన్నీ నిద్రనే ముందు దెబ్బతీస్తాయి. ప్రోస్టేట్ వల్ల రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషికి కావలసింది ప్రోస్టేట్‌కు వైద్యం. ఓపీలో వంద మంది వరసలో ఉన్నప్పుడు ఇవన్నీ అడిగే తీరిక డాక్టరుకు ఉండదు. ఆ ఇబ్బంది మాకు తెలుసు. అయినా రెండు నిమిషాల్లో రాసిన చీటీ పదేళ్లు నడిస్తే దాని భారం పేషెంటు ఒక్కరే మోయాలా?

నెలల తరబడి నిద్రలేమి ఉన్నవారికి ముందు ఇవ్వాల్సింది మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే మాటల చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సిఫారసు చేసింది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే టైముకు లేవాలి. పడుకునే గంటల్ని మొదట కుదించి, నిద్ర నిలబడ్డాక మెల్లగా పెంచాలి. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, పక్కన చెప్పేవాళ్లుంటే చాలామంది గట్టెక్కుతారు. ఆ చెప్పేవాళ్లు పెద్ద నగరాల్లో, ఫీజు కట్టగలిగినవారికే దొరుకుతున్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఉన్న కౌన్సెలర్లకు, ఆరోగ్య కేంద్రాల నర్సులకు దీన్ని తెలుగులో నేర్పడం రెండు ప్రభుత్వాలకూ మోయలేని ఖర్చేమీ కాదు.

చట్టం లేక కాదు ఈ పరిస్థితి. 2014 మార్చి నుంచి ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, జోల్పిడెమ్ వంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ రాసిన డాక్టరు, కొన్న మనిషి, ఎన్ని ఇచ్చారు అన్నవి షాపులో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఇది అమలు కావాలి. కానీ ఇక్కడే 2015ను మరవొద్దని అధికారులను కోరుతున్నాం. రేపు పొద్దున షాపులన్నీ ఒక్కసారిగా పాత చీటీలకు మాత్రలు ఆపేస్తే, పెద్దావిడకు వచ్చేది ఆరోగ్యం కాదు, ఫిట్స్. తనిఖీ మొదలయ్యే ముందే ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ మాత్రలు మాన్పించే ఓపీ తెరవాలి. డాక్టర్లు చీటీ మీద ఆపే తేదీ రాయాలి, ఆ తేదీ దాటితే షాపువాళ్లు పేషెంటును తిరిగి డాక్టరు దగ్గరికి పంపాలి. పెట్టె మీద ఎర్ర గీతల మధ్య ఉండే హెచ్చరిక తెలుగులోనూ ఉండాలి. అది చదవాల్సినవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాదు.

ఇప్పటికే ఏళ్లుగా వేసుకుంటున్నవారు ఇది చదివి ఈ రాత్రే మాత్రలు పారేయొద్దు. పాత చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, మెల్లగా ఎలా తగ్గించాలో అడగండి. రెండు మూడు వారాలకోసారి, ఉన్న మోతాదులో 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ వచ్చే పద్ధతి ఉంది. నెలలు పట్టవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ కొన్ని రాత్రులు నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, వాళ్లు కంగారుపడి "ఒక్క గోళీ వేసుకో అమ్మా" అనకుండా.