హబుల్ స్థిరాంకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హబుల్ స్థిరాంకం గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే తమరి చిరునామా విచారిస్తే, కాలంతో పాటు తమరి విలువ మారినా, ఒకే సమయంలో చూస్తే విశ్వమంతటా అది ఒక్కటేనని, అందుకే తమరిని స్థిరాంకం అంటారని చెప్పారు. అందుచేత కవరు మీద ఊరి పేరు రాయలేదు.

విశ్వమంతా ఒక్కటే అయిన ఆ విలువ ఎంత అన్నదే నా బాధ. 1929లో ఎడ్విన్ హబుల్, మౌంట్ విల్సన్ మీది నూరంగుళాల దూరదర్శినితో గెలాక్సీల దూరాలు కట్టి, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, అవి మననుంచి దూరమయ్యే వేగం సెకనుకు దాదాపు 500 కిలోమీటర్లు పెరుగుతోందని తేల్చారు. (రెండేళ్ల ముందే ఈ సంగతి రాసిన బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ పేరు తమరికి పెట్టలేదు, ఆ తప్పు తమరిది కాదు లెండి.) ఆ వేగంతో వెనక్కి లెక్కిస్తే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లకు మించలేదు. తీరా చూస్తే భూమి మీది రాళ్లే అంతకంటే పాతవి! తల్లి కంటే బిడ్డ పెద్దదైన ఈ సంసారాన్ని చక్కదిద్దడానికి, 1952లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాదే, దూరాలు కట్టడానికి వాడే సెఫీడ్ నక్షత్రాలు (వెలుగు క్రమంగా పెరిగి తగ్గేవి) రెండు రకాలని చూపించి, దూరాలన్నిటినీ రెట్టింపు చేయవలసి వచ్చింది.

తమరి పనితీరు అర్థం చేసుకోవాలని ఒక రాత్రి దోసెల పిండిలో నాలుగు మిరియాలు వేసి మూత పెట్టాను. తెల్లారేసరికి పిండి పొంగి గట్టంతా పారింది, మిరియాలు ఎడంగా జరిగాయి, ఏ మిరియమూ ఉబ్బలేదు. గిన్నె తోమవలసిన వారికి ఈ ఖగోళ విశేషం రుచించలేదన్నది వేరే సంగతి. గెలాక్సీలదీ అదే తీరు: అవి పరుగెత్తడం లేదు, వాటి నడుమ చోటే పెరుగుతోంది. కనుకనే సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతలివి కాంతిని మించిన వేగంతో దూరమవుతున్నా, కాంతిని మించి ఏదీ చోటులో పరుగెత్తలేదన్న ఐన్‌స్టీన్ నియమాన్ని మీరినట్టు కాదు.

దూరపు వారి మీద ఇంత జులుం చేసే తమరి మాట ఇరుగుపొరుగున మాత్రం చెల్లదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ తమరి లెక్క ప్రకారం సెకనుకు 50 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోవాలి. గురుత్వాకర్షణ లాగుతుంటే అది 110 కిలోమీటర్ల చొప్పున మా వైపే వస్తోంది. మా సౌరకుటుంబాన్నైతే వెంట్రుకవాసి కూడా సాగదీయలేకపోయారు.

ఇంతకీ తమరి విలువ ఎంత? విశ్వం పసినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం, హబుల్ గారు 500 అన్న అదే కొలమానంలో, 67.4 అంటుంది. సెఫీడ్ల మీదుగా సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) దాకా మెట్టుమెట్టుగా దూరాలు కట్టిన వారు 73 దగ్గర ఆగారు. జేమ్స్ వెబ్ దూరదర్శిని ఆ సెఫీడ్లను మళ్లీ కొలిచినా తగవు తీరలేదు. తేడా ఎవరి కొలతలో ఉందో, లేక మన భౌతికశాస్త్రంలోనే ఉందో తమరే సెలవియ్యాలి.

కాదంటే పేరైనా మార్చుకోండి. మా దేశంలో అందుకు అఫిడవిట్, పత్రికా ప్రకటన, ఆ పైన గెజెట్ ఉంటాయి. దరఖాస్తు నింపి దీనితో జతపరిచాను; విలువ రాయవలసిన గడి మాత్రం ఖాళీగా ఉంచాను, అదీ పెన్సిలుతోనే నింపగలరు.

ఇట్లు,
పాలపుంత వాస్తవ్యుడు