క్రెడిట్లు ఒప్పుకుంటారట, మేజర్‌లో మాత్రం కలపరట!

పోయిన సంక్రాంతి అయిన వారానికి మా అక్క కూతురితో కలిసి ఓ యూనివర్సిటీ ఆఫీసు కౌంటర్ ముందు రెండు గంటలు నిలబడ్డాను. పిల్ల చెన్నైలో బీఎస్సీ కెమిస్ట్రీ మూడు సెమిస్టర్లు ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా పూర్తి చేసింది. మా బావకి గుండె ఆపరేషన్ అయింది, కొట్టు చూసుకునే మనిషి లేడు, ఇక ఇంటి దగ్గరే ఉండి చదువుకుందామని నెల్లూరు వచ్చేసింది. చేతిలో మూడు మార్కుల మెమోలు, డిజిలాకర్‌లో 60 క్రెడిట్లు (పాసైన పేపర్లకి వచ్చే పాయింట్లు), సంచిలో ల్యాబ్ రికార్డు. ఆ రికార్డు అట్ట మీద పొటాషియం పర్మాంగనేట్ పడి ముదురు గోధుమరంగు మరకైంది. టైట్రేషన్ రీడింగులు, సాల్ట్ అనాలిసిస్ పట్టికలు, ప్రతి పేజీ కిందా లెక్చరర్ సంతకం, తేదీ.

కౌంటర్‌లో ఉన్నాయన మంచివాడే. ఓపిగ్గా అన్నీ చూశాడు, తమ సిలబస్ కాగితం పక్కన పిల్ల సిలబస్ కాగితం పెట్టుకుని వేలు పెట్టి మరీ చదివాడు. చివరికి, "అమ్మా, క్రెడిట్లు తీసుకోవడానికి అభ్యంతరం లేదు, మేజర్‌లో కలపడానికే కుదరదు. జనరల్ కెమిస్ట్రీ-3 అనే పేపర్ మా దగ్గర లేదు" అన్నాడు. మేజర్ అంటే డిగ్రీలో ముఖ్యమైన సబ్జెక్టు. మరి మేజర్‌కి తోడుగా చదివిన అలైడ్ ఫిజిక్స్ సంగతేంటని అడిగితే, అలైడ్ అనే మాటే తమ దగ్గర లేదు, ఉన్నది మైనర్ అన్నాడు. ఇంగ్లిష్ పేపర్లు, ఇంకో రెండు చిన్న పేపర్లు లెక్కలోకి వచ్చాయి. కెమిస్ట్రీ చదవడానికి వెళ్ళిన పిల్లకి కెమిస్ట్రీ తప్ప మిగతావన్నీ ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి చెబితే మా అక్క, "ఒరే, బిడ్డ ఏడాదిన్నర చదివింది యాడికి పోయిందిరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

కాలేజీల్లో తెచ్చుకున్న క్రెడిట్లని విద్యార్థి పేరున దాచిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. 2021లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన నిబంధనలు, ఏడేళ్ళ దాకా చెల్లే క్రెడిట్లు, 12 అంకెల ఐడీ, అన్నీ పిల్లలకి కంఠతా వచ్చు. అసలు చిక్కంతా ఆ నిబంధనల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఓ షరతులో ఉంది. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం 50 శాతం క్రెడిట్లు సంపాదించాలి, అది సరే, న్యాయమే. దాంతో పాటు, కోర్ సబ్జెక్టులో, అంటే మేజర్‌లో, ఎన్ని క్రెడిట్లు కావాలో డిగ్రీ ఇచ్చే సంస్థే చెబుతుంది, విద్యార్థి అవి పూర్తి చేయాలి. చూడ్డానికి మామూలు షరతే. కానీ ఏ పేపర్ కోర్ కిందికొస్తుంది, ఏది రాదు అని తేల్చే అధికారం కూడా దీంతోనే పూర్తిగా ఒక పక్షం చేతికి వెళ్ళిపోయింది. క్రెడిట్ బదిలీ కావడం వేరు, ఆ క్రెడిట్ మేజర్‌కి లెక్కకు రావడం వేరు. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160 అనేది కూడిక లెక్క. మేజర్ అనేది వెన్నెముక. వెన్నెముకని ఒప్పుకోకుండా కూడిక ఒప్పుకుంటే ఆ పిల్లకి ఏం మిగిలినట్టు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, అచ్చం అదే.

మన రాష్ట్రంలో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగలడానికి మరో కారణం ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడటం లేదు. ఒకప్పుడు బీఎస్సీ అంటే ఎంపీసీ, బీజెడ్‌సీ. మూడు సబ్జెక్టులూ సమానం. కాలేజీ మారినప్పుడు ఒక సబ్జెక్టులో పేపర్లు కలవకపోయినా మిగతా రెండూ పిల్లల్ని ఒడ్డున పడేసేవి. 2023-24 నుంచి సింగిల్ మేజర్ వచ్చింది, బరువంతా ఒకే సబ్జెక్టు మీదికి వచ్చేసింది. ఆ ఒక్క సబ్జెక్టులో పేపర్లు కలవలేదంటే డిగ్రీ మొత్తం కూలినట్టే. సింగిల్ మేజర్ మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరే. కానీ బరువంతా ఒక స్తంభం మీద పెట్టినప్పుడు, ఆ స్తంభాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా జరపాలో కూడా అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ఇప్పుడు ఆ రెండు సిలబస్ కాగితాల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ రాత్రి నేనూ పిల్లా వాటిని డైనింగ్ టేబుల్ మీద పరిచి కూర్చున్నాం, చేతిలో మూడు రంగుల స్కెచ్ పెన్నులు. చెన్నైలో మొదటి మూడు సెమిస్టర్లలో పేపర్ల పేర్లు జనరల్ కెమిస్ట్రీ-1, 2, 3. ఒక్కో దాంట్లో కొంచెం ఇనార్గానిక్, కొంచెం ఆర్గానిక్, కొంచెం ఫిజికల్ కలిపి ఉంటాయి. ఇక్కడ వాటినే విడదీసి ఇనార్గానిక్ ఒక పేపర్, ఆర్గానిక్ ఒక పేపర్, ఫిజికల్ ఒక పేపర్ చేశారు. అక్కడ ల్యాబ్ విడి పేపరు, ఇక్కడ థియరీతోనే జత. ఆర్గానిక్‌కి ఆకుపచ్చ, ఇనార్గానిక్‌కి ఎరుపు, ఫిజికల్‌కి నీలం గీతలు గీసుకుంటూ పోయాం. హైబ్రిడైజేషన్ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. పీ-బ్లాక్ మూలకాలు, ఆల్కేన్లు, ఆల్కీన్లు, వాయు నియమాలు, స్టీరియో కెమిస్ట్రీ, అన్నీ ఉన్నాయి, కాకపోతే వేరే పేపర్‌లో, వేరే సెమిస్టర్‌లో. పేపర్‌కి పేపర్ పెట్టి చూస్తే ఏదీ కలవదు. యూనిట్‌కి యూనిట్ పెట్టి చూస్తే దాదాపు అన్నీ కలుస్తాయి. పిల్ల చదవనివి రెండు యూనిట్లు తేలాయి. రెండంటే రెండు! వాటికోసం ఏడాదిన్నర చదువు పోవాలా?

అన్నీ ఒకే ఇంట్లో గిన్నెలు, కాకపోతే ఒకరు పై అరలో సర్దారు, ఇంకొకరు కింది అరలో సర్దారు. ఈ మాత్రం చూడ్డానికి కెమిస్ట్రీలో డాక్టరేట్ అక్కర్లేదు, స్కెచ్ పెన్ను, గంటన్నర తీరిక ఉంటే చాలు. ఆ గంటన్నర పెట్టాల్సిన బాధ్యత ఎవరిది అన్నదే నా అసలు ప్రశ్న. ఇప్పటి పద్ధతిలో రుజువు చేసుకోవాల్సింది పిల్ల. సిలబస్ కాపీ మీద పాత కాలేజీ ముద్ర వేయించుకురావాలి, ఎన్‌ఓసీ తేవాలి, మైగ్రేషన్ తేవాలి, ఈక్వివలెన్స్ (రెండు సిలబస్‌లూ సమానమేనన్న గుర్తింపు) కోసం దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. మా పిల్లకి చివరికి వచ్చిన జవాబు ఒక్క వాక్యం, సిలబస్ సరిపోలనందున పరిగణించలేము అని. ఏ యూనిట్ సరిపోలలేదో రాయలేదు. ఎందుకు రాయలేదంటే, రాయాలని ఏ నిబంధనా అడగడం లేదు కాబట్టి.

యూరప్‌లో ఈ లెక్కని తిరగేశారు. 1997లో లిస్బన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక దేశంలో చదివిన చదువుని ఇంకో దేశం గుర్తించాల్సిందే, కాదనాలంటే రెండిటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా ఉందని కాదనే సంస్థే చూపించాలి. రుజువు భారం యూనివర్సిటీది, విద్యార్థిది కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఇంకో దారి పట్టింది. అక్కడి ప్రభుత్వ కాలేజీలన్నిటికీ కోర్సు నంబర్లు ఉమ్మడి, ఒకే నంబరున్న కోర్సు ఒకచోట పాసైతే రెండో చోట ఒప్పుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో అయితే కమ్యూనిటీ కాలేజీలో ఏ పేపర్ చదివితే యూనివర్సిటీలో ఏ మేజర్‌లో దేనికి సరిపోతుందో చెప్పే పట్టిక అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. కావలి, కందుకూరు, కనిగిరి నుంచి వెళ్ళిన మన పిల్లలు అక్కడ ఈ సౌకర్యం వాడుకుంటూనే ఉన్నారు, వాళ్ళ చెల్లెళ్ళకి ఇక్కడ అది లేదు.

యూనివర్సిటీల వాదనలో పస లేదని నేను అనను. డిగ్రీ మీద తమ పేరుంటుంది, ఎక్కడో ఇంటర్నల్ మార్కులు పప్పుబెల్లాల్లా పంచే కాలేజీలో తెచ్చుకున్న క్రెడిట్‌కి తామెందుకు పూచీ పడాలి అంటారు. పునాది సరిగ్గా లేని పిల్ల ఐదో సెమిస్టర్‌లో థర్మోడైనమిక్స్ క్లాసులో కూర్చుంటే నష్టపోయేది ఆ పిల్లేనంటారు. రెండూ నిజాలే. అనుమానం ఉంటే ఒక పూట పరీక్ష పెట్టండి, ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి బ్యూరెట్ చేతికిచ్చి చూడండి, తక్కువైన యూనిట్లకి బ్రిడ్జి కోర్సు పెట్టండి. సగం క్రెడిట్లు మీ దగ్గరే చదవాలన్న రక్షణ ఎలాగూ ఉంది. అనుమానానికి మందు పరీక్ష అవుతుంది గానీ, ఏడాదిన్నర జీవితం కొట్టేయడం అవదు. పైగా కేంద్రం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం పోర్టల్‌లో వీడియోలు చూసి చదివిన కోర్సుల్ని సెమిస్టర్‌లో 40 శాతం దాకా ఒప్పుకోవచ్చని 2021 నుంచి నిబంధన ఉంది. అక్కడ లేని అపనమ్మకం, లెక్చరర్ పక్కన నిలబడి సంతకం పెట్టిన ల్యాబ్ రికార్డు మీద ఎందుకు?

ఈ అపనమ్మకం మన నేలది కాదు. నన్నయ రెండున్నర పర్వాల దగ్గర ఆగిపోతే రెండు శతాబ్దాల తర్వాత మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని గుడ్లూరు వాడని చెప్పుకునే ఎర్రన, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉండి పూర్తి చేశాడు. ముగ్గురి శైలి వేరు, కాలం వేరు, రాజులు వేరు. రాజమహేంద్రవరంలో రాసిన పర్వాలు సింహపురిలో చెల్లవు, ఆదిపర్వం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి అని ఎవరైనా అనుంటే మనకి భారతం ఉండేదా? ఆ సింహపురి పేరుతోనే 2008లో ఇక్కడ యూనివర్సిటీ పెట్టుకున్నాం. ఒంగోలు యూనివర్సిటీకి ఆంధ్రకేసరి పేరు పెట్టుకున్నాం. ఆ ప్రకాశం గారు వినోదరాయునిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదివి, గురువు వెంట రాజమండ్రి వెళ్ళి, మద్రాసులో లా చదివి, ఇంగ్లండ్ వెళ్ళి బారిస్టరైన మనిషి. ఊరు మారినప్పుడల్లా చదువు వెంట వచ్చింది కాబట్టే ఆయన ప్రకాశం అయ్యాడు.

ఊళ్ళు మారడం మన నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల బతుకులోనే ఉంది. కనిగిరి, పామూరు వైపు వానలు లేకపోతే కుటుంబాలకి కుటుంబాలే హైదరాబాదు, బెంగళూరు వెళతాయి. చీమకుర్తి గ్రానైట్‌లో పని తగ్గితే ఇంకో చోటు, రొయ్యలకి రోగమొస్తే ఇంకో చోటు. ఆడపిల్లలైతే డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళై, ఆత్మకూరు నుంచి దర్శికో, గిద్దలూరు నుంచి కావలికో వెళతారు. చదివిస్తామని మాటిచ్చిన అత్తమామలు కూడా, మళ్ళీ ఫస్టియర్ అనేసరికి ఎందుకులే అంటారు. ఆ ఎందుకులే అన్న మాట దగ్గర ఎన్ని చదువులు ఆగిపోయాయో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. సర్కారు తలుచుకుంటే ఏదైనా కదులుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరుని ప్రకాశం నుంచి నెల్లూరుకి మార్చారు, ఊరికి ఊరే జిల్లా మారిపోయింది, ఫైళ్ళు బదిలీ చేసుకున్నది ఆఫీసులే. మీ పొలం మీదేనని మళ్ళీ మొదట్నుంచి రుజువు చేసుకోమని ఏ రైతునీ అడగలేదు. ఊరు మారినప్పుడు భారం ఆఫీసు మోసింది, పిల్ల మారినప్పుడు మాత్రం పిల్లే మోస్తోంది.

నాకు ఈ క్రెడిట్ల గొడవ కంటే పెద్ద బాధ ఇదే. పింఛను కౌంటర్ దగ్గర బతికున్నట్టు ముసలాయన చూపించుకోవాలి. ఆధార్‌లో పేరులో ఒక అక్షరం తేడా వస్తే, రాసినవాడి తప్పైనా సరే, తిరగాల్సింది పేరు గలవాడే. ఫీజు బకాయి తేలక సర్టిఫికెట్ కాలేజీలో ఆగిపోతే, ఆ డబ్బు ఇవ్వాల్సింది ఎవరైనా ఉద్యోగం పోయేది పిల్లాడికే. ఎక్కడ చూసినా చేతిలో కాగితాల సంచితో నిలబడేది చిన్నమనిషే, లేదు అనడానికి కారణం చెప్పక్కర్లేనిది కౌంటర్ అవతలి మనిషే. లేదు అన్నవాడు పదిహేను రోజుల్లో, యూనిట్ పేరుతో సహా, కాగితం మీద కారణం రాయాలి, రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క అని ఒక్క నిబంధన పెట్టి చూడండి. రాయాల్సి వచ్చేసరికి చాలా అభ్యంతరాలు కౌంటర్ దగ్గరే కరిగిపోతాయి.

మా అక్క కూతురు ఇప్పుడు మళ్ళీ ఫస్టియర్ కూర్చుంది. పొద్దున కొట్టు తెరిచి, తొమ్మిదింటికి బస్సెక్కి, ల్యాబ్‌లో అదే బ్యూరెట్, అదే పర్మాంగనేట్. పక్క పిల్లలకి ఎండ్ పాయింట్ లేత గులాబీ దగ్గర ఆపాలని తనే చెబుతోందట. లెక్చరర్ చూసి మెచ్చుకున్నాడట కూడా.

వచ్చే అడ్మిషన్లకి ఇంకా టైం ఉంది. రాష్ట్రమంతటా చేయమని అడగడం లేదు, అన్ని సబ్జెక్టులూ వద్దు. విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి యూనివర్సిటీల సిలబస్ తయారుచేసే కెమిస్ట్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్ళు ఒక్క రోజు కూర్చోండి, కావలి ఇద్దరికీ మధ్యలోనే ఉంది. మీ రెండు సిలబస్‌లు, చెన్నై వైపువి, బెంగళూరు వైపువి ఒక నాలుగు, టేబుల్ మీద పరిచి యూనిట్‌కి యూనిట్ పట్టిక రాసి వెబ్‌సైట్‌లో పెట్టండి. మేం మూడు రంగుల్లో గీసిన కాగితాలు ఇంట్లో అలాగే ఉన్నాయి, కావాలంటే ఆ ల్యాబ్ రికార్డుతో సహా నేనే తెచ్చిస్తాను.