చేపల ట్యాంకులో కుళ్లిపోయిన లక్కీ బ్యాంబూకి ఒక లేఖ

లక్కీ బ్యాంబూ గారికి,

'గారు' ఎందుకంటే నూట ఎనభై పోసి కొన్నాను, ఆ మాత్రం మర్యాద ఉండాలి. నువ్వు వెదురువి కాదట, డ్రసీనా అట, పుట్టిల్లు ఆఫ్రికా అట. ఇక లక్కీ సంగతి నా గప్పీ చేపలను అడిగితే చెబుతాయి.

షాపులో నిన్ను నిలువునా నీళ్లలో ముంచి, మెడకు ఎర్ర రిబ్బను కట్టి పెట్టారు. "ఇది నీళ్లలో బతుకుతుందా అన్నా?" అని అడిగాను. "ఇప్పుడెక్కడుంది సార్, నీళ్లలోనే కదా!" అన్నాడు. దానికి ఎదురు మాట తోచక తిరుపతిలో మా బైరాగిపట్టెడ దాకా నిన్ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నాను.

మూడు వారాలు పెళ్లికొడుకులా నిలబడ్డావు. నాలుగో వారం కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. కాండాన్ని వేలితో నొక్కితే మాగిన అరటిపండులా మెత్తగా దిగబడింది, తొక్క చేతికి ఊడొచ్చింది, ఆ వాసనకి మా అమ్మ హాల్లో సాంబ్రాణి వేసింది.

తర్వాత తెలిసింది. నీళ్లలో పెరిగే ఆకు పల్చగా ఉంటుంది, గాలిలో కంటే వేల రెట్లు నెమ్మదిగా అందే కార్బన్ డయాక్సైడును ఒంటినిండా పీల్చుకుంటుంది. నీ ఆకుకేమో మైనం పూత. రెయిన్‌కోటు వేసుకుని స్నానానికి దిగినట్టు! వేళ్లు తడిస్తే చాలు నీకు, తల బయట ఉండాలి. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు నిండా జనం మధ్య ఇరుక్కుంటే నాకూ అంతే, ఎంత పుణ్యం వస్తుందన్నా ఊపిరాడొద్దా?

క్రిప్టోకోరైన్ అనే నీటి మొక్క కూడా ఇలాగే కరిగిపోతుంది కదా అంటావేమో. అది వేరు. ట్యాంకు మారితే దాని ఆకులన్నీ జావగారిపోతాయి, కానీ వేరు బతికుంటే కొత్త ఆకు వేస్తుంది, కాబట్టి పీకి పారెయ్యకూడదు. నీ కోసం కూడా అలాగే ఎదురుచూశాను చూడు, అదీ నా తెలివి.

ఇప్పుడు నీ చోట జావా ఫెర్న్ ఉంది. దాని అడ్డకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది, అందుకే రాయికి దారంతో కట్టాను. వెనక వాలిస్నేరియా, మా బోరు నీళ్ల ఉప్పదనానికి మూతి ముడుచుకోని మొక్క. లైటు రోజుకు ఏడు గంటలే, ఆపైన వేస్తే నాచుకు విందు. (వాలిస్నేరియాతో పాటు నత్తలు ఫ్రీగా వచ్చాయి, వాటికి వేరే ఉత్తరం రాస్తాను.)

నీలో కుళ్లకుండా మిగిలిన కొసను కోసి గాజు గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి కిటికీలో పెట్టాను. నిన్న తెల్లటి వేరు కనిపించింది. రిబ్బను తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, లక్కీ అట.

ఇట్లు,
నూట ఎనభై పోగొట్టుకున్నవాడు