హాలు సరే, ఆ పిల్లవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి?

మన తెలుగు సంఘం కట్టబోయే భవనం ప్లాన్ అందరి ఈమెయిళ్లకూ వచ్చింది. 300 మంది పట్టే హాలు, కూచిపూడి అరంగేట్రానికి సరిపడా వేదిక, పెళ్లి భోజనాలు వండగలిగే వంటగది, పై అంతస్తులో తెలుగు బడికి గదులు. చూడముచ్చటగా ఉంది. నేను ఇంగ్లండులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులూ, కేర్ హోములూ గీసి బతికే ఆర్కిటెక్టుని. అందరూ వేదిక కొలతల మీద వాట్సాప్‌లో వాదించుకుంటుంటే నేను మరుగుదొడ్ల దగ్గరే ఆగిపోయాను.

వికలాంగుల టాయిలెట్ ఒకటి ఉంది. 1.5 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల పొడవు. నిబంధన ప్రకారమే ఉంది. చక్రాల కుర్చీలో వచ్చి తనంతట తాను పక్కకు జరిగి కూర్చోగలిగే మనిషికి అది సరిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 14 ఏళ్ల కుర్రాడికి సరిపోదు. వాడికి డైపర్ మార్చాలంటే పడుకోబెట్టాలి. గోడకు మడిచి పెట్టే పసిపిల్లల బల్ల వాడి బరువు ఆపదు. ఇక మిగిలింది నేల. తండ్రి ఆ తడి నేల మీద తువ్వాలు పరిచి, ఎదిగిన కొడుకును చంకల కింద చేతులు వేసి దించాలి, మళ్లీ ఎత్తాలి, ఆ తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి భోజనాల వరసలో నిలబడాలి. దానికంటే ఇంట్లో ఉండిపోవడం నయం అనుకుంటారు. ఉండిపోతున్నారు కూడా.

ఈ దేశంలో దీనికి పరిష్కారం ఎప్పుడో ఉంది. ఛేంజింగ్ ప్లేసెస్ అంటారు. కనీసం 3 మీటర్లకు 4 మీటర్ల గది, ఎత్తు పెంచి తగ్గించుకోగల పెద్దవాళ్ల బల్ల, పైకప్పు పట్టాల మీద నడుస్తూ మనిషిని ఎత్తి దించే హాయిస్టు, రెండు పక్కలా సహాయకులు నిలబడేంత జాగా ఉన్న కమోడు, చాటుకు ఒక తెర. 2021 జనవరి 1 నుంచి ఇంగ్లండులో కొత్తగా కట్టే పెద్ద ప్రజా భవనాలకు ఇది తప్పనిసరి. సభలూ వినోదాలూ జరిగే భవనమైతే 350 మందీ ఆపైన పట్టేవాటికి వర్తిస్తుంది. మనది 300. ఆ అంకె అలా కుదిరిందే తప్ప ఎవరూ కావాలని కుదించలేదనే నమ్ముతున్నాను. కానీ చట్టం అడగలేదు కాబట్టి మనమూ అడగలేదు.

"మనలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారండీ? ఏ ఫంక్షన్‌లోనూ కనపడరే!" అన్నారు కమిటీలో ఒక పెద్దాయన. ఎందుకు కనపడతారు? ఆ పిల్లలున్న ఇళ్లల్లో ఉగాదికి ఒక ఏడు అమ్మ వస్తుంది, మరో ఏడు నాన్న వస్తాడు. చెల్లెలు వేదిక మీద ఆడుతుంటే వచ్చినవాళ్లు వీడియో తీసి ఇంట్లో ఉన్నవాళ్లకు పంపుతారు. మన తలల లెక్కల్లో ఆ కుటుంబం వచ్చినట్టే పడుతుంది.

చూసుకునేవాళ్లకు దొరికే విరామాన్ని ఇక్కడ రెస్పైట్ అంటారు. ఇన్నాళ్లూ మన ఇళ్లల్లో రెస్పైట్ అంటే ఆరు నెలల విజిటర్ వీసా. అమ్మో అత్తగారో వచ్చినన్నాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. వాళ్లు తిరుగు విమానం ఎక్కగానే మొదటికొస్తుంది. పైగా అమ్మమ్మకు ఏటా మోకాళ్లు అరుగుతాయి, మనవడికి ఏటా బరువు పెరుగుతుంది. ఆరేళ్లప్పుడు చంకనేసుకున్నవాణ్ణి పన్నెండేళ్లప్పుడు మంచం మీద పక్కకు తిప్పడం కూడా ఆమె వల్ల కాదు.

ఇక్కడి చట్టం మనకంటే ఉదారంగా ఆలోచించింది. వికలాంగులైన పిల్లలను చూసుకునేవాళ్లకు విరామం ఇచ్చే నిబంధనలు ఇంగ్లండులో 2011 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. కుప్పకూలిపోయే స్థితిలో ఉన్న తల్లిదండ్రుల గురించి మాత్రమే పట్టించుకుంటే స్థానిక కౌన్సిల్‌కు సరిపోదు. చదువుకోవడానికి, మిగతా పిల్లలను చూసుకోవడానికి, ఇంటి పనులు చక్కబెట్టుకోవడానికి, ఆఖరికి క్రమం తప్పని ఒక సరదా కోసం విరామం కావలసినవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలని అందులో రాసి ఉంది. అంటే వారానికోసారి సంగీతం క్లాసుకు వెళ్లాలనుకునే తల్లి కూడా అడగవచ్చు. ఇంకో మాట, వీసా మీద ఉన్నవాళ్ల కోసం. "ప్రభుత్వ నిధులు వర్తించవు" అన్న ముద్ర చూసి చాలామంది కౌన్సిల్ గడపే తొక్కరు. ఆ నిధుల జాబితాలో వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే డీఎల్ఏ ఉంది, వాళ్లను చూసుకునేవాళ్లకిచ్చే కేరర్స్ అలవెన్సు ఉంది. పిల్లల చట్టం కింద కౌన్సిల్ ఇచ్చే సేవలు అందులో లేవు. షార్ట్ బ్రేక్ అని పిలిచే ఈ విరామం ఆ సేవల్లోదే. ధైర్యంగా అసెస్‌మెంట్ అడగండి.

అడిగినా, దొరికినా, ఆ తర్వాత అసలు చిక్కు వస్తుంది. పిల్లవాణ్ణి కొన్నాళ్లు ఉంచుకునే షార్ట్ బ్రేక్ ఇంట్లో మనవాళ్లు వదిలి రాలేరు. తలుపు దాకా వెళ్లి, లోపల చూసి, పిల్లవాణ్ణి వెనక్కి తీసుకొచ్చేసిన తల్లులు నాకు తెలుసు. దాన్ని అతిప్రేమ అని కొట్టిపారేయడం తేలిక. నేను మాత్రం సగం తప్పు భవనం మీద వేస్తాను. రిసెప్షన్ బల్ల, దాని మీద గంట, సంతకం పుస్తకం, పొడుగాటి కారిడారు, రెండు వైపులా అంకెలు వేసిన తలుపులు. అది చూస్తే ఏ అమ్మకైనా బిడ్డను ఆసుపత్రిలో చేర్పిస్తున్నట్టే ఉంటుంది.

1982లో ఆక్స్‌ఫర్డ్‌లో, ఒక కాన్వెంటు ఆవరణలో, హెలెన్ హౌస్ తెరిచారు. నయంకాని జబ్బులున్న పిల్లలను చూసుకునే హాస్పిస్‌లలో ప్రపంచంలో మొదటిది అది. సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా అనే సన్యాసిని, మెదడులో కణితి వల్ల పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన హెలెన్ అనే పసిపిల్లను అప్పుడప్పుడూ తన దగ్గర ఉంచుకుని తల్లిదండ్రులకు విశ్రాంతి ఇవ్వడంతో ఆ ఆలోచన మొదలైంది. హాస్పిస్ అనగానే మనం ఆఖరి రోజులే అనుకుంటాం. పిల్లల హాస్పిస్‌ల పనిలో పెద్ద భాగం మాత్రం ఇలా కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపడమే.

ఇలాంటి ఇల్లు గీయడంలో కష్టం ఏమిటంటే, అందులో గది ఎవరిదీ కాదు, అయినా వచ్చిన ప్రతివాళ్లకూ తమదే అనిపించాలి. శుక్రవారం రాత్రి ఆ గదిలో తొమ్మిదేళ్ల ఆటిజం పిల్లవాడు ఉంటాడు. వాడు నిద్రపోడు, కర్టెన్ కడ్డీకి వేలాడతాడు, అందిన ప్రతి తీగా పీకుతాడు. సోమవారం అదే గదిలోకి వెంటిలేటర్ మీద ఉన్న అమ్మాయి వస్తుంది. ఆమెకు తలవైపు బోలెడు ప్లగ్గులు కావాలి, సక్షన్ మెషీన్ పెట్టడానికి అందుబాటులో బల్ల కావాలి. ఒకరికి ఏమీ కనపడకూడదు, ఇంకొకరికి అన్నీ చేతికందాలి. కాబట్టి పరికరాలన్నీ తాళం పడే అరల వెనక్కి వెళ్లాలి, కర్టెన్లు అయస్కాంతాలతో నిలవాలి, ఎవరి ఫోటోలూ ఎవరి దుప్పటీ వాళ్లు తెచ్చి పది నిమిషాల్లో సర్దుకునేలా గోడ ఉండాలి. కేర్ హోములో ఈ బాధ లేదు, అక్కడ మనిషి ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉంటాడు.

సామాను సంగతి ఆర్కిటెక్టులు ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తారు. రెండు రాత్రుల కోసం వచ్చే పిల్లవాడి వెంట పెళ్లివారి సామానంత దిగుతుంది. పగటి కుర్చీ, స్నానం కుర్చీ, నిలబెట్టే ఫ్రేము, గొట్టం ద్వారా ఆహారం ఎక్కించే ఫీడ్ పంపు, దాని డబ్బాలు, మందుల పెట్టె. ఇలాంటి పిల్లలు ఆరుగురు ఒకేసారి వస్తే స్టోరు చాలదు, కారిడారు నిండిపోతుంది. మంటలు లేస్తే ఈ పిల్లలు లేచి పరుగెత్తలేరు. మంచాలతో సహా పక్కనున్న మంట చొరబడని భాగంలోకి తోసుకుపోవాలి. అప్పుడు ఆ కుర్చీలే అడ్డం. అందుకే పడకగదులు నేల అంతస్తులోనే ఉండాలని నా పట్టు, తల్లిదండ్రులు ఉండదలచుకుంటే వాళ్ల గదులు పైన పెట్టండి.

మేం చేయవలసిన పని ఇంకొకటి ఉంది, సాధారణంగా చేయం. నేల మీద వెల్లకిలా పడుకుని చూడాలి. రోజంతా పడుకునే ఉండే పిల్లవాడికి మనం ఎంతో శ్రద్ధగా రంగులు వేసిన గోడలు కనపడవు. పైకప్పు కనపడుతుంది, దాని మధ్య సరిగ్గా కళ్లలో పడే దీపం కనపడుతుంది. కిటికీ కింది అంచు మనిషి నడుం ఎత్తులో ఉంటే వాడికి ఆకాశపు ముక్క తప్ప ఇంకేదీ దక్కదు. ఆ అంచును మంచం ఎత్తు కంటే కిందికి దించితే చెట్టూ, దారిన పోయే కుక్కా కనపడతాయి.

శబ్దం విషయానికొస్తే, కైరోలో ఆర్కిటెక్చర్ బోధించే మగ్దా ముస్తఫా ఆటిజం ఉన్నవారి కోసం ఒక డిజైన్ సూచిక తయారుచేశారు. అందులో మొదటి అంశమే ధ్వని. గోల ఎక్కువైనప్పుడు పారిపోయి దాక్కునే చోటూ, ఒక రకమైన గదిలోంచి ఇంకో రకమైన గదిలోకి వెళ్లే ముందు కాస్త సర్దుకునే చోటూ ఉండాలంటారావిడ. మన ప్లాన్‌లో హాలు తలుపు తీస్తే నేరుగా స్పీకర్ల ముందే పడతాం. టాయిలెట్‌లో చేతులు ఆరబెట్టే ఆ రాక్షస యంత్రాలు సరేసరి. కాగితం తువ్వాళ్లు పెడితే పోయేదేముంది?

ఇక వంట. నాకు ఇష్టమైన సంగతి కాబట్టి కాసేపు ఆగుతాను. 1996లో ఎడిన్‌బరోలో మొదలైన మ్యాగీస్ కేంద్రాలు క్యాన్సర్ ఉన్నవాళ్ల కోసం కట్టినవి, రెస్పైట్‌కు సంబంధం లేదు. అయినా ప్రతి షార్ట్ బ్రేక్ ఇల్లూ వాటిని చూసి ఒకటి నేర్చుకోవాలి. అక్కడ రిసెప్షన్ బల్ల ఉండదు. లోపలికి అడుగుపెడితే వంటగది బల్ల చుట్టూ మనుషులు కూర్చుని టీ తాగుతుంటారు. అలాంటి బల్ల దగ్గర తెలుగు తల్లి ఒక్క గంట కూర్చుని, అక్కడ పనిచేసే అమ్మాయికి మనవాళ్లు పెరుగన్నం ఎంత మెత్తగా పిసుకుతారో చూపించగలిగితే సగం భయం పోతుంది. మాంసం తగలని గిన్నెలు పెట్టుకునే అర ఒకటి విడిగా ఉంటే ఇంకో పావు పోతుంది. పోపు పెడితే అలారం మోగి భవనమంతా బయట నిలబడే అగత్యం రాకుండా, వంటగదిలో పొగను పట్టే పరికరం బదులు వేడిని పట్టేది బిగించాలి. ఇది ఏ ఎలక్ట్రీషియన్‌కైనా తెలుసు, ముందే చెప్పాలంతే.

పెద్దవాళ్ల గురించి కూడా రెండు మాటలు. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లలో తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు జారిపోయి తెలుగే మిగలడం మన ఇళ్లల్లో ఇప్పటికే మొదలైంది. మెరిసే నేల వాళ్లకు నీళ్లు నిలిచినట్టు కనపడుతుంది, గుమ్మం దగ్గర నల్లటి పట్టా గొయ్యిలా కనపడుతుంది, తెల్ల గోడ ముందున్న తెల్ల కమోడు అసలు కనపడదు. సీటుకు ముదురు రంగు వేస్తే చాలు, చాలా ప్రమాదాలు తప్పుతాయి. గట్టు లేకుండా నేలంతా నీళ్లు పారే స్నానాలగది చక్రాల కుర్చీల కోసం వచ్చిందే అయినా, బకెట్టూ చెంబూ అలవాటైన మన తాతగారికి బాత్‌టబ్ కంటే వెయ్యి రెట్లు సుఖం.

ఇదంతా చదివి "అయితే మనమే ఒక తెలుగు రెస్పైట్ హోము పెట్టేద్దాం" అని ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. వద్దు. పిల్లలను రాత్రి ఉంచుకోవాలంటే ఇలాంటి హోములను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ దగ్గర చిల్డ్రన్స్ హోముగా రిజిస్టర్ చేయాలి, పెద్దవాళ్ల సంరక్షణకు సీక్యూసీ అనే వేరే నియంత్రణ సంస్థ ఉంది. రిజిస్టర్డ్ మేనేజరు, రాత్రంతా మేలుకుని ఉండే సిబ్బంది, ఏటా తనిఖీలు. కార్యవర్గం రెండేళ్లకోసారి మారే సంఘం మోయగల బరువు కాదది. మొదటి ఏడు ప్రారంభోత్సవం ఘనంగా జరుగుతుంది, మూడో ఏడు తాళం పడుతుంది.

మనం చేయగలిగింది పగటి పని. షార్ట్ బ్రేక్ అంటే రాత్రి బసే కానక్కర్లేదు, శనివారం నాలుగు గంటలైనా విరామమే. దానికి కావలసినవి మూడు గదులు. ఒక ఛేంజింగ్ ప్లేసెస్ టాయిలెట్, హాలు మోత వినపడని ఒక నిశ్శబ్దపు గది, దానికి ఆనుకుని కంచె ఉన్న చిన్న తోట. నడిపే బాధ్యత ఆ పనిలో అనుభవమున్న స్థానిక సంస్థకు ఇద్దాం. మన వాలంటీర్లకు నేరచరిత్ర చూసే డీబీఎస్ తనిఖీలు చేయించి, వాళ్ల పక్కన తెలుగు మాట్లాడే మనుషులుగా నిలబెడదాం. అదే శనివారం పైన తెలుగు బడి నడుస్తుంది. అన్న కింద, చెల్లెలు పైన. అమ్మానాన్నలు ఆ నాలుగు గంటలు ఏం చేసుకుంటారో మనకు అనవసరం.

డబ్బు ఎక్కణ్నుంచి అంటారా? వేదిక లోతు ఒకటిన్నర మీటరు తగ్గించండి, ఏ నర్తకికీ కాలు ఇరుకు కాదు. ప్రవేశద్వారం దగ్గరి ఫోయర్‌లో గీసిన షాండిలియర్ దీపాల గుత్తి తీసేయండి, దాని కింద ఫోటోలు దిగకపోతే నష్టం లేదు. అలా మిగిలిన జాగాను టాయిలెట్ల వైపు జరిపితే 12 చదరపు మీటర్లు వస్తాయి, నేను గీసి చూశాను. హాయిస్టు తర్వాత కొనుక్కోవచ్చు, బల్లకు దాతను వెతకవచ్చు. కానీ ఆ పట్టాను మోసే పైకప్పు దూలాల లెక్క మాత్రం ఇప్పుడే వేయాలి. కట్టిన తర్వాత సీలింగు విప్పి ఉక్కు దూర్చడమంటే ఖర్చు బాగా పెరుగుతుంది, అప్పుడు ఏ కార్యవర్గమూ ఒప్పుకోదు. డ్రాయింగులు స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లేది వచ్చే సర్వసభ్య సమావేశం తర్వాతే. ఆ లోపు ఈ గది ప్లాన్‌లోకి ఎక్కకపోతే నేను భవనానికి అనుకూలంగా చెయ్యెత్తను. వేదిక సంగతి ఇప్పటికే చాలామంది మాట్లాడారు. ఆ రోజు ఈ గది గురించి మాట్లాడేవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటే కమిటీకి ముందే రాయండి, ఎజెండాలో చేర్చమని.