బడి తాళం: ఒక వాదోపవాదం

హన్మకొండలో మేము కొందరం నడుపుకొనే చదువరుల కూటంలో ఈసారి చర్చకు పెట్టిన ప్రతిపాదన ఇది: "కరోనా కాలంలో బజారులను, బడులను మూసివేయడం సరైన నిర్ణయమే, అటువంటి మహమ్మారి మళ్లీ వస్తే అదే చేయాలి." దానిని సమర్థించినవారు ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దమనిషి. వ్యతిరేకించినవారు ములుగు జిల్లా ఏజెన్సీ గ్రామంలో ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా చేసినవారు. పేర్లు వేయవద్దని ఇద్దరూ కోరారు. బజారుల మాట కొద్దిసేపటికే పక్కకు పోయి వాదమంతా బడి గడప మీద నిలిచింది. నేనూ అక్కడే ఎక్కువగా రాసుకొన్నాను.

వైద్యుడు: మా తాతల కాలంలో గత్తర, అంటే కలరా, వస్తే జనం ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకొనేవారట. పోచమ్మకు మొక్కుకొని, గత్తర పోయిందని నమ్మకం కుదిరాకే మళ్లీ ఇళ్లకు చేరేవారట. సూక్ష్మజీవి అంటే ఏమిటో వాళ్లకు తెలియదు గానీ, గుంపుగా ఉంటే జబ్బు అంటుకొంటుందని తెలుసు. 2020 మార్చిలో మన ఊళ్లు పొలిమేరలకు ముళ్ల కంప కొట్టుకొన్నది ఆ బుద్ధితోనే. మార్చి 2న రాష్ట్రంలో తొలి కేసు బయటపడింది. 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రపంచ మహమ్మారిగా పేర్కొన్నది. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికి మన చేతిలో టీకా లేదు, నిలకడైన మందు లేదు, సరిపడా పరీక్షలు లేవు. లక్షణాలు కనిపించకముందే రోగి పక్కవారికి వైరస్‌ను అంటించగలడన్న సంగతి మాత్రం తెలిసింది. అటువంటప్పుడు తలుపులు మూయడం కాక మరేం చేయాలో చెప్పండి టీచరమ్మా.

ఉపాధ్యాయిని: గత్తర మాట మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను డాక్టరు గారూ. గత్తర నీళ్ల వల్ల వచ్చే జబ్బు. ఊరు విడిచినవారు బతికారంటే ప్రధానంగా చేదబావి మారినందువల్ల బతికి ఉంటారు. జబ్బు ఏ దారిన వస్తున్నదో ఆ దారిని మూయాలి గానీ, కనిపించిన తలుపునల్లా మూస్తే ఎలా?

(ఇక్కడ డాక్టరు గారే ముందుగా నవ్వారు. గత్తర విషయంలో తాను ఓడినట్టే రాసుకొమ్మని నాకు సైగ చేశారు.)

ఉపాధ్యాయిని: ఆ ముళ్ల కంప ఎవరిని ఆపింది? మా పక్క ఊరి పద్మశాలి ఒకాయన మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల పని చేసేవాడు. మిల్లు మూతపడింది, గది అద్దె కట్టలేక నానా పాట్లు పడి ఊరు చేరితే, సొంత వాడకట్టువాళ్లే లోపలికి రానివ్వలేదు. సర్పంచి నా దగ్గర బడి తాళం తీసుకొని ఆయనను మూడో తరగతి గదిలో పద్నాలుగు రోజులు ఉంచాడు. గోడ మీద నేను రాసిన ఎక్కాలను రోజూ పైకి చదువుకొనేవాడినని తరువాత నాతో అన్నాడు. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నుంచి వచ్చిన కూలీలకు ఆ గది కూడా దక్కలేదు. పిల్లలను వెంటబెట్టుకొని అడవి దారిన నడిచి వెళ్లారు. దేశం మూతపడుతుందని రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి మూస్తే, టికెట్టు కొనుక్కొనేవాడికే దారి దొరకలేదు, కూలివాడికి ఎక్కడ దొరుకుతుంది?

వైద్యుడు: ఆ నాలుగు గంటల గడువును నేను సమర్థించను. తెల్ల కార్డు కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు. యాసంగి వడ్లు ఊళ్లలోనే కొన్నారు. కార్డు లేనివాడికి, పొరుగు రాష్ట్రంవాడికి అది చాలలేదంటే ఒప్పుకొంటాను. కానీ మూసిన తీరులో తప్పు ఉన్నంత మాత్రాన మూయడమే తప్పు కాదు. తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో మరుసటి ఏడాది చూశాం కదా. 2021 ఏప్రిల్, మే నెలలలో నేను చూసినదానిని చెప్పాలంటే లెక్కల్లోనే చెప్పగలను, మరోలా చెప్పలేను. పెద్ద సిలిండరులో ఇంచుమించు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. హై ఫ్లో యంత్రం మీద ఉన్న రోగికి నిమిషానికి 60 లీటర్ల దాకా అవసరం పడవచ్చు. అంటే రెండు గంటలు తిరగకముందే సిలిండరు ఖాళీ. వార్డులో అటువంటి రోగులు పదిమంది ఉంటే, రాత్రి పది గంటలకు డ్యూటీకి వచ్చిన నేను తెల్లవారేసరికి ఎన్ని సిలిండర్లు కావాలో వేళ్ల మీద లెక్కపెట్టుకొంటూ తిరిగేవాణ్ని. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, ఎనభైకి పడిపోయినా ఫోనులో మాట్లాడుతూ కూర్చొన్నవారు ఉండేవారు. ఊపిరి అందడం లేదని వాళ్లకే తెలిసేది కాదు. ఆ రోజుల్లో మన రాష్ట్రం ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి సైనిక విమానాల్లో ఒడిశాకు పంపి ఆక్సిజన్ నింపించుకోవలసి వచ్చింది. పడక కోసం ఆదిలాబాదు నుంచి, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు అంబులెన్సులు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. అందరూ ఒకే వారంలో వస్తే ఎంత పెద్ద ఆసుపత్రి అయినా చేతులెత్తేయక తప్పదు. మూసివేత జబ్బును మాన్పదని నాకూ తెలుసు. వచ్చేవారిని ఒక్క వారంలో కాకుండా ఆరు వారాల మీద రప్పిస్తుంది. నేను అడిగేది అంతే.

ఉపాధ్యాయిని: ఆ ఆరు వారాల మాట గుర్తు పెట్టుకోండి, దాని దగ్గరకు మళ్లీ వస్తాను. ముందు నాకు ఒక సంగతి తేల్చండి. మా బడిని 2020 మార్చి మధ్యలో మూశాం. ఆ మే 6న మద్యం దుకాణాలు తెరుచుకొన్నాయి. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతుల పిల్లలను పిలిచి, మార్చి 24 నుంచి మళ్లీ ఇంటికి పంపారు. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకైతే ఆ కొద్ది రోజులు కూడా దక్కలేదు. సరే, జబ్బు పెరుగుతున్నది, పంపారు. మరి సరిగ్గా మీరు సిలిండర్లు లెక్కపెడుతున్న ఏప్రిల్‌లోనే, 30వ తేదీన, గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థకు పోలింగు ఎలా జరిగింది? పిల్లలు రాకూడని బడి గదుల్లోకి ఓటర్లు వరుస కట్టారు. బడిలో పాఠం చెప్పకూడని టీచర్లు అదే బడిలో ఓటరు వేలికి సిరా చుక్క పెట్టారు.

(సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడ కూర్చొన్నవారిలో ఆ ఎన్నికల డ్యూటీ చేసినవారు ఇద్దరు ఉన్నారని తరువాత తెలిసింది.)

వైద్యుడు: అది మూసివేతలో లోపం కాదమ్మా, తెరవడంలో లోపం. మీరు చెప్పినది నా వాదానికే బలం.

ఉపాధ్యాయిని: కాదు. మూతపడి ఉండవలసినవేవో తెలిసినా వాటిని మూయలేదు, ఎందుకంటే వాటి వెనుక అడిగేవారున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల కలెక్టరేటు ముందు ధర్నా చేయదు కాబట్టి బడి పదిహేడు నెలలకు పైగా మూతపడి ఉంది. 2020 సెప్టెంబరు నుంచి రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు పెట్టారు. అవి మూడో తరగతి నుంచి పైవారికే. మా ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లే తక్కువ, ఫోను సిగ్నలు కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. తిరిగి వచ్చినప్పుడు నాలుగో తరగతిలో కూర్చొన్న పిల్లలకు నేను గుణింతాలు దిద్దించాను. ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో, 2022లో, దేశంలో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతం మాత్రమే. 2018లో వారు 27.3 శాతం. డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్ నడిమిలోనే ముందుగా చిన్నపిల్లల బడులు తెరిచారు. మనం అన్నిటికంటే చివర తెరిచాం.

వైద్యుడు: డెన్మార్క్ పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోతే తాత, నాయనమ్మ అదే గదిలో పడుకొని ఉండరు. మీ ఊళ్లో ఉంటారు. పిల్లవాడికి జలుబులా వచ్చిపోయే జబ్బు, షుగరు ఉన్న ముసలాయనకు ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో 2021 చివరికి అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. ఆ రెండేళ్లలో అదనంగా సంభవించిన మరణాలు 47 లక్షల వరకు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన ప్రభుత్వం ఆ లెక్కకట్టిన పద్ధతిని ఒప్పుకోలేదు. ఏ లెక్క నిజానికి దగ్గరో వార్డులో నిలబడినవాడిగా నాకు ఒక అభిప్రాయం ఉంది, దానిని ఇక్కడ చెప్పను. ఇంతా అయ్యింది మూసుకొన్నాక.

ఉపాధ్యాయిని: ఇంట్లో తాత ఉంటాడన్న మీ మాటకు జవాబు మీ వైద్యులే ఇచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 జూన్, జూలైలలో చేసిన సర్వేలో ఆరు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో సగానికి పైగా ఒంట్లో యాంటీబాడీలు కనిపించాయి. బడి మూసి ఉండగానే సగం మందికి సోకింది! బడికి రాని పిల్లలు ఇంట్లో కూర్చోలేదు డాక్టరు గారూ. పత్తి ఏరారు, గొర్లు కాశారు, పెళ్లిళ్లకు పోయారు.

వైద్యుడు: (కాస్త ఆగి) ఆ అంకె నాకు తెలుసు. దానిని నేను మరోలా చదువుతాను. 2021 సెప్టెంబరులో టీకా వేయని పిల్లలతో బడులు తెరిచినా ఉపద్రవం రాలేదంటే, అప్పటికే పెద్దవారిలో చాలామందికి సోకడమో, టీకా అందడమో జరిగింది గనుక. ఏప్రిల్‌లో తెరిచి ఉంటే అలా జరిగేదని మీరు హామీ ఇవ్వలేరు.

ఉపాధ్యాయిని: ఏప్రిల్‌లో తెరవమని నేనూ అడగను. 2020 నవంబరులో, డిసెంబరులో, 2021 జనవరిలో జబ్బు తగ్గి ఉన్నప్పుడు మా చిన్నపిల్లలకు ఎందుకు తెరవలేదని అడుగుతున్నాను. అప్పుడు హైదరాబాదులో ఎన్నికలు జరిగాయి, హోటళ్లు నడిచాయి, పెళ్లి మండపాలు నిండాయి.

వైద్యుడు: దానికి నా దగ్గర జవాబు లేదు.

(ఈ ఒక్క వాక్యం కోసం సభ వచ్చినట్టు కొందరు చప్పట్లు కొట్టబోతే టీచరమ్మే చేయెత్తి ఆపారు. అధ్యక్షులు ఆ అదను చూసుకొని, మళ్లీ మహమ్మారి వస్తే ఏ వరుసలో మూస్తారో చెప్పమని డాక్టరు గారిని అడిగారు.)

వైద్యుడు: మొదట సభలు, మద్యం దుకాణాలు, మండపాలు. ఎన్నికలు వాయిదా. ఆ తరువాతే బడి. అయితే 2021 మేలో ఉన్న పరిస్థితే వస్తే బడిని కూడా మూయమంటాను. ఆరు వారాలు.

ఉపాధ్యాయిని: ఆరు వారాలకైతే తాళం నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. తిరిగి ఏ రోజు ఇస్తారు?

వైద్యుడు: తేదీ చెప్పలేనమ్మా. గుర్తు చెప్పగలను. జిల్లాలో ఆక్సిజన్ పడకల్లో సగం ఖాళీ అయి, వరుసగా రెండు వారాలు ఖాళీగానే ఉంటే తాళం మీది.

ఉపాధ్యాయిని: అయితే ఆ గుర్తును కాగితం మీద రాసి, తాళం వేసే రోజే బడి తలుపుకు అంటించండి. రోజూ వెళ్లి పడకల లెక్క చూసుకొని రావడానికి మా ఊరివాళ్లను నేను పంపుకొంటాను.